ఐదో గిన్నె

ఆ గురువారం పొద్దున్నే లేచి, కొలీన్ హోక్‌స్ట్రా కుట్టుమిషన్ ఉన్న చిన్న గదిలో మంచానికి కొత్త దుప్పటి పరిచింది. దిండు గలీబు మార్చింది. కిటికీ అద్దం తుడిచింది. పని చేస్తున్నంతసేపూ ఆమె ముఖంలో సంతోషమూ లేదు, విసుగూ లేదు. పక్కగది తలుపు మూసే ఉంది. ఏడాదిన్నరగా అది మూసే ఉంటోంది. దాని ముందునుంచి వెళ్ళేటప్పుడు ఇంట్లో ముగ్గురూ నేల చూపులు చూస్తూ నడవడం అలవాటు చేసుకున్నారు.

కింద వంటింట్లో ఆమె భర్త రస్ గుడ్లు వేపుతున్నాడు. అతని తల్లి నెల్ బల్ల దగ్గర కూర్చుని మాడిపోయిన టోస్టుని చాకుతో బరబరా గీకుతోంది. ఆవిడకి ఎనభై ఒకటి నిండాయి. మోకాళ్ళు మొరాయిస్తున్నా నోరు మాత్రం ఎక్కడా తగ్గలేదు.

"ఒరే, ఇది రొట్టెరా, బొగ్గురా? యాభై దాటాయి నీకు, ఇంకా టోస్టు చెయ్యడం రాలేదు."

"గీకడం నీకు సరదా అనే మాడుస్తానమ్మా," అన్నాడు రస్.

కొలీన్ మెట్లు దిగి వచ్చి కాఫీ పోసుకుంది. తాగలేదు. కప్పు పట్టుకుని కిటికీలోంచి చూస్తూ నిలబడింది. రస్ పొయ్యి కట్టేసి భార్య వైపు తిరిగాడు.

"మూడింటికి బస్సొస్తుంది కొలీన్. ఇవాళైనా చెప్పేద్దాం. నీవల్ల కాదంటే నేను చెప్తా."

"నేనే చెప్తాను."

"నెల రోజుల్నుంచీ ఇదే మాట."

"చెప్తానన్నానుగా."

"ఆ పిల్ల గుమ్మంలో అడుగుపెట్టి మన పిల్లేదీ అనడిగితే ఏం చెప్తావమ్మా?" అంది నెల్. "అటక మీద దాక్కుందంటావా?"

కొలీన్ చల్లారిన కాఫీ సింకులో పారబోసి కప్పు కడిగింది.

మిషిగన్ సరస్సు ఒడ్డున ఉన్న వాళ్ళ పైన్‌హేవెన్‌కీ, జపాన్‌లో షిగా ప్రాంతంలో ఇంకో సరస్సు ఒడ్డున ఉన్న ఊరికీ ముప్పై ఏళ్ళుగా అక్కాచెల్లెళ్ళ వరస. ఒక వేసవిలో ఇక్కడి పిల్లలు అక్కడికి వెళ్తారు, రెండేళ్ళకి అక్కడి పిల్లలు ఇక్కడికి వస్తారు. ఎవరూ కాగితం మీద రాయకపోయినా ఊళ్ళో ఒక పద్ధతి పాతుకుపోయింది. మన పిల్ల ఏ ఇంట్లో తిని పడుకుందో ఆ ఇంటి పిల్ల మన ఇంట్లో తిని పడుకోవాలి. వరస తప్పిస్తే తలవంపులు.

రెండేళ్ళ కిందట కొలీన్ కూతురు డెలియా వెళ్ళింది. నిషికావా వాళ్ళింట్లో ఎనిమిది వారాలుంది. పదహారేళ్ళ పిల్ల, తిరిగొచ్చాక ఇంక వేరే ఊసే లేదు. గుమ్మంలోనే చెప్పులు విప్పమని అందరి ప్రాణాలూ తీసింది. ప్రతి ఆదివారం అక్కడికి ఉత్తరం రాసేది. ఒకసారి కొలీన్ అన్నం గిన్నెలో చాప్‌స్టిక్స్ నిలువుగా గుచ్చి ఫోనెత్తడానికి వెళ్తే ఇల్లెగిరిపోయేలా అరిచింది. "అమ్మా! అలా గుచ్చకూడదు! పోయినవాళ్ళ ముందు పెట్టే అన్నానికే అలా గుచ్చుతారు. పక్కన పడుకోబెట్టు!" కొలీన్ ఆ రోజు పడీపడీ నవ్వింది.

ఆ తర్వాతి ఫిబ్రవరిలో సరస్సు రోడ్డు మలుపు దగ్గర మంచు మీద కారు జారింది. కారులో డెలియా ఒక్కతే ఉంది.

మార్చిలో నిషికావా ఇంటావిడ చిజురు దగ్గర్నుంచి ఈమెయిల్ వచ్చింది. డెలియా ఉత్తరాలు రావడం లేదు, ఒంట్లో బాగుందా అని. కొలీన్ నిజం రాయాలనే కూర్చుంది. వేళ్ళు మాత్రం వేరే రాశాయి. 'డెలియా బాగుంది. చదువుతో తీరిక లేదు.' పంపేశాక చాలాసేపు ఆ రెండు వాక్యాలే చూస్తూ కూర్చుంది. అంత్యక్రియలప్పుడు కూడా కదలని గుండె ఆ రోజు కాస్త కదిలినట్టనిపించింది. ఈ భూమ్మీద ఒక్క ఇంట్లో తన కూతురు ఇంకా తింటోంది, చదువుకుంటోంది. ఆ తర్వాత అలాంటివే మరో నాలుగు ఈమెయిళ్ళు రాసింది. ఆ ఒక్క ఇల్లూ పోతే ఇంక డెలియాకి ఎక్కడా చోటుండదు. కొలీన్ భయమంతా అదే.

ఈ వేసవిలో ఆ ఇంటి పిల్ల వస్తోంది. ఈ రాకపోకలు చూసే కమిటీవాళ్ళు పాపం తామే ఫోన్ చేసి, ఈసారికి వేరే ఇంట్లో పెడతామన్నారు. కొలీన్ అక్కర్లేదంది. అక్కడివాళ్ళకి తెలుసా అనడిగితే, తెలుసంది.

మూడింటికి ఊరి హాలు కిటకిటలాడింది. మేయరు ప్రతిసారీ చదివే ఉపన్యాసమే చదివాడు, జనం ప్రతిసారీ కొట్టే చప్పట్లే కొట్టారు. పిల్లల వరసలోంచి కురచ జుట్టు, గుండ్రటి కళ్ళద్దాల అమ్మాయి ఒకతె వచ్చి కొలీన్ ముందు నడుం వంచింది.

"నేను కొతోహా నిషికావా. మిమ్మల్ని అమ్మా అని పిలవచ్చా? డెలియా మా అమ్మని అలాగే పిలిచేది."

ఒక్కో మాటా పేర్చుకుంటూ నెమ్మదిగా మాట్లాడుతోంది. రస్ గొంతు సవరించుకున్నాడు. కొలీన్ భుజం మీద చెయ్యి వేశాడు. ఇప్పుడు చెప్పు అన్నట్టు.

"పిలువమ్మా," అంది కొలీన్. "డెలియా ఊళ్ళో లేదు. ఉత్తరాన కాలేజీలో చేరింది. క్లాసులు మొదలయ్యాయి. రావడానికి వీలు పడదేమో."

కొతోహా ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూసి తల దించుకుంది.

"అలాగా అమ్మా."

అంతే. ఇంకేమీ అడగలేదు. రస్ పెట్టె ఎత్తుకుని ఎవరికోసమూ ఆగకుండా కారు దగ్గరికి నడిచాడు. ఆ మనిషి వీపు చూస్తేనే తెలుస్తోంది ఎంత మండిపోతున్నాడో.

ఇంటికొచ్చాక కొతోహా గుమ్మంలో బూట్లు విప్పి, మొనలు వీధివైపు ఉండేలా తిప్పి పెట్టింది. డెలియా కూడా అచ్చం అలాగే పెట్టేది. నెల్ గబుక్కున ముఖం తిప్పుకుంది. తర్వాత ఆ పిల్ల పెట్టె తెరిచి, కాగితాల్లో ముచ్చటగా చుట్టిన కానుకలు రెండు చేతులతో ఒక్కొక్కరికీ అందించింది. రస్‌కి చేపల బొమ్మల తువ్వాలు. నెల్‌కి తీపి బిళ్ళల డబ్బా. కొలీన్‌కి నీలం రంగు అద్దకపు కండువా. పికిల్స్ అనే ఆ ఇంటి ముసలి పిల్లికి కూడా చిన్న గంట కట్టిన పట్టీ తెచ్చింది. పెట్టె మూసేసింది.

కొలీన్ ఆ మూసిన పెట్టె వైపు చూస్తూ ఉండిపోయింది. వాళ్ళు ఎవర్నీ మరిచిపోరమ్మా, కుక్కకి కూడా కానుక ఇస్తారని డెలియా ఎన్నిసార్లు చెప్పిందో! పిల్లికి తెచ్చారు. నా కూతురికి తేలేదు. ఎక్కడో లోపల సూది గుచ్చినట్టయింది. 

మర్నాడు పొద్దున గ్యారేజీలో రస్ ఆమెను నిలేశాడు.

"ఏమిటి కొలీన్ ఇది? క్లాసులు, కాలేజీ! ఉత్తరంలో రాయడం వేరు, ఎదురుగా నిలబడ్డ పిల్ల కళ్ళలోకి చూసి ఎలా అన్నావు?"

"తెలీదు. వచ్చేసింది."

"నాకు మాత్రం కూతురు కాదా? నేనెవరితో చెప్పుకోవాలి? ఇంట్లో దాని పేరెత్తితే నువ్వు లేచి వెళ్ళిపోతావు. అందుకని నేనూ ఎత్తను, అమ్మా ఎత్తదు. నీకు దాని పేరు గుర్తొచ్చేది అబద్ధం చెప్పేటప్పుడేనా?"

అనేశాక తనకే భయమేసి ఆగిపోయాడు. కొలీన్ ఏడవలేదు, కోప్పడలేదు. "ఆలస్యమవుతోంది, పిల్లని మ్యూజియంకి దింపాలి," అని తాళాలు తీసుకుంది. రస్ నెత్తి పట్టుకుని అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాడు. ఆమె కేకలేసినా బాగుండేది అతనికి.

రెండు రోజులూ కొతోహా ఇంట్లో మెత్తగా మెసిలింది. గిన్నెలు తుడిచింది. నెల్ మోకాళ్ళకి మందు రాసింది. మేడ మీద మూసిన తలుపు ముందు వెళ్ళేటప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగి తల వంచేది. గది ఖాళీగా ఉన్నా మర్యాద చేస్తారేమో వాళ్ళలో అనుకుంది కొలీన్. అంతకంటే లోతుగా ఆలోచించే ఓపిక ఆమెకి లేదు.

శనివారం సాయంత్రం వంట నాదే అన్నాడు రస్. ఫోనులో వీడియో చూసుకుంటూ కోడిమాంసం, కూరముక్కలు వేయించి అన్నం వండాడు. వంటిల్లు యుద్ధభూమిలా తయారైంది. బల్ల సర్దే పని నెల్ పుచ్చుకుంది. ఆవిడ పుచ్చుకున్నప్పుడే కొలీన్‌కి అనుమానం రావాల్సింది.

కొతోహా అప్పటికే బల్ల దగ్గర కూర్చుంది. బల్ల మీద ఐదు గిన్నెలున్నాయి.

"ఐదెందుకు అత్తయ్యా?" అంది కొలీన్.

"మన డెలియాకి." నెల్ కోడలి కళ్ళలోకే చూస్తూ అంది. "కాలేజీలో ఉందన్నావుగా. శనివారం కదా, వస్తుందేమో. వస్తే పిల్ల తినొద్దూ?"

"తీసెయ్యండి."

"ఎందుకు తియ్యాలి? నువ్వే కదా ఉందన్నావు! ఉంటే గిన్నె ఉండాలి. లేదంటావా, ఆ మాట నీ నోటితో చెప్పు, తీసేస్తా. రెండు రోజులుగా ఈ పిల్ల ముందు దొంగలా తిరుగుతున్నా ఈ వయసులో. నావల్ల కాదు."

"అత్తయ్యా, దయచేసి..."

"నా మనవరాలు! ఏడాదిన్నరైంది, దాని పేరు తల్చుకుని గట్టిగా ఏడవడానికి కూడా నీ అనుమతి కావాలా నాకు?"

ఇదేమీ తెలియని రస్ అప్పుడే అన్నం గిన్నెతో హడావుడిగా వచ్చాడు. ఉన్న గిన్నెలన్నిటిలోనూ గుట్టగా అన్నం పెట్టి, ముచ్చటగా ఉంటుందని ఒక్కోదాంట్లో ఒక్కో జత చాప్‌స్టిక్స్ నిలువుగా గుచ్చేశాడు. "చూడమ్మా కొతోహా, అచ్చం మీ ఇంట్లోలాగే!" అని నవ్వుతూ ముగ్గురి ముఖాలూ చూసి, నవ్వు సగంలో ఆపేశాడు.

కొలీన్ చూపు ఆ ఐదు జతల పుల్లల మీదే నిలిచిపోయింది. పోయినవాళ్ళ ముందు పెట్టే అన్నానికే అలా గుచ్చుతారమ్మా. కూతురి కేక చెవిలో గింగురుమంది.

కొతోహా లేచి నిలబడింది. ముందు నెల్ గిన్నెలోంచి పుల్లలు తీసి పక్కన పడుకోబెట్టింది. తర్వాత రస్ గిన్నెలోవి. తర్వాత కొలీన్ గిన్నెలోవి, తన గిన్నెలోవి. అన్నీ నెమ్మదిగా, ఒక్కోటీ చప్పుడు కాకుండా. ఐదో గిన్నె దగ్గరికొచ్చి ఆగింది. దాంట్లోవి తియ్యలేదు. నిలువుగానే ఉంచి, ఆ గిన్నె ముందు రెండు చేతులూ జోడించి తల వంచింది.

వంటింట్లో కుళాయి కారడం వినిపిస్తోంది. 

"నీకు తెలుసు," అంది కొలీన్ చివరికి. 

"తెలుసమ్మా."

"ఎప్పట్నుంచి?"

"ఏడాది దాటింది. డెలియా ప్రతి ఉత్తరంలో మొదట మా కుక్క గోమా ఎలా ఉందని అడిగేది. తర్వాత మీరు రాసిన ఉత్తరాల్లో డెలియా గోమాని అడిగిందన్న మాటే లేదు. మా అమ్మకి భయం వేసింది. మీ ఊరి పేపరు నెట్‌లో వెతికాం. డెలియా ఫోటో ఉంది."

"తెలిసి కూడా ఎందుకూరుకున్నారు?" అన్నాడు రస్. కుర్చీలో కూలబడ్డాడు. "అన్ని ఉత్తరాలకీ జవాబులు రాశారు! చదువు బాగా సాగాలని దీవించారు!"

"మా అమ్మ వద్దంది. ఆ తల్లికి అలా రాయడం అవసరం కాబట్టి రాస్తోంది, ఆమె చెప్పేదాకా మనం అడక్కూడదంది. నన్నూ అడగొద్దంది. ఇవాళ నేను మాట తప్పాను. కానీ ఆ గిన్నెలో పుల్లలు తీసేస్తే, డెలియాకి పెట్టిన అన్నం నేను తీసేసినట్టవుతుంది. నా చేతులు రాలేదు. క్షమించండి."

కొలీన్ రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది. ఉన్న ఒక్క ఇల్లూ పోయింది అనుకుంది. ఏడాది కిందటే పోయింది. లేని ఇంట్లో కూతుర్ని దాచుకుని, తానొక్కతే కాపలా కాసింది. ఏడుపు రాలేదు. 

"అయితే మీ ఇంట్లో కూడా లేదన్నమాట," అంది మెల్లగా. "అక్కడైనా ఉందనుకున్నాను."

"ఉందమ్మా," అంది కొతోహా వెంటనే. "డెలియా గిన్నె మా ఇంట్లోనే ఉంది. తెల్ల గిన్నె, మీద కుందేలు బొమ్మ. తనకోసమని మా అమ్మ కొన్నది. రోజూ పొద్దున్న వండిన అన్నం ముందుగా, పోయిన మా తాతయ్య ఫోటో దగ్గర పెడతాం. ఇప్పుడు పక్కనే డెలియా గిన్నె కూడా పెడుతున్నాం. పెట్టేటప్పుడు మా అమ్మ పిలుస్తుంది. డెలియా, తెల్లారింది, ఇంకా లేవలేదా అని."

"అలా ఎందుకు?"

"డెలియా ఎప్పుడూ ఆలస్యంగా లేచేది కదా!"

నెల్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"రోజూనా?" అంది కొలీన్. "రోజూ పిలుస్తుందా?"

"ఒక్కరోజు కూడా మానలేదు."

ప్రపంచానికి ఆ చివర ఒక పరాయి తల్లి రోజూ పొద్దున్నే తన కూతుర్ని పేరుపెట్టి పిలిచి అన్నం పెడుతోంది. ఇక్కడ కన్నతల్లి ఆ పేరు ఇంట్లో వినపడకుండా నోళ్ళు కట్టేసింది. కూతురికి చోటు లేకుండా చేసింది చావు కాదు, తనే. కొలీన్‌కి అది అప్పటికి అర్థమైంది. అర్థమయ్యాక దాచుకోవడానికి ఇంక ఏ మూలా మిగల్లేదు.

కొతోహా పైకి వెళ్ళి ఒక పొట్లం తెచ్చి ఐదో గిన్నె పక్కన పెట్టింది. "డెలియాకి కూడా తెచ్చాను. బియ్యప్పిండి బిళ్ళలు. రెండు పొట్లాలు ఒక్కతే తినేసేది. మీరు చెప్పాకే ఇవ్వమంది అమ్మ."

కొలీన్ ఆ పొట్లాన్ని వేళ్ళతో నిమిరింది. "పెట్టిన అన్నం తర్వాత ఏం చేస్తారు?"

"పారెయ్యకూడదు. ఇంట్లోవాళ్ళు తినాలి. డెలియా గిన్నెలోది మా అమ్మే తింటుంది."

కొలీన్ ఐదో గిన్నె ముందుకి లాక్కుంది. నిలువుగా ఉన్న పుల్లలు రెండు చేతులతో తీసి పక్కన పడుకోబెట్టింది. చెంచా తీసుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. ఏడాదిన్నరగా ఆమె ఏం తింటోందో ఆమెకే తెలియదు. ఏదైనా ఒకటే, గడ్డి పెట్టినా తినేదే. ఇప్పుడు నమిలింది. ఆగింది. మళ్ళీ నమిలింది.

"రస్."

"ఆఁ."

"అన్నం పలుకుగా ఉంది."

"అదీ... పాకెట్ మీద రాసినట్టే వండాను."

"డెలియా ఉంటే నిన్ను ఏకి పారేసేది."

ఆ పేరు ఆ బల్ల దగ్గర మామూలుగా, ఇంట్లో మనిషి పేరులా పలికింది. రస్ ముఖం చేతుల్లో దాచుకున్నాడు. అతని భుజాలు ఎగిరెగిరి పడుతుంటే నవ్వో ఏడుపో తెలియలేదు. "నన్నొక్కణ్ణేనా? పుల్లలు గుచ్చినందుకు ఇంట్లోంచి గెంటేసేది," అన్నాడు.

"నా మాడు టోస్టు సంగతి కూడా దానికి చెప్పండర్రా," అంది నెల్, ముక్కు చీదుకుంటూ.

కొలీన్ నవ్వబోయింది. నోట్లో అన్నం ఉండగానే ఒక్కసారి గొంతు పగిలిపోయింది. అంత్యక్రియల్లో రాని ఏడుపు, ఏడాదిన్నరగా ఎక్కడ దాక్కుందో తెలియని ఏడుపు తెరలు తెరలుగా వచ్చింది. రస్ వచ్చి పట్టుకున్నాడు. నెల్ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. ఏడుస్తూనే, చెంచా పట్టుకున్న చేత్తో కళ్ళు తుడుచుకుంటూనే ఆమె ఆ గిన్నెలో చివరి మెతుకు దాకా తింది. కొతోహా తన గిన్నెలో పలుకు అన్నం కిక్కురుమనకుండా తింటూ పక్కనే కూర్చుంది.

బల్ల మీద గిన్నెలు తీశాక కొలీన్ చిజురుకి ఈమెయిల్ రాసింది. నిజమంతా రాసింది. అన్నిటికంటే ముందు మాత్రం, గోమా ఎలా ఉంది అని రాసింది.

ఆదివారం పొద్దున ఎప్పటిలాగే మాడు వాసనకి ఇల్లు లేచింది. కొలీన్ మేడ మీద మూసిన తలుపు ముందుకొచ్చి ఈసారి నేల చూపులు చూడలేదు. చేతిలో చిన్న గిన్నె ఉంది. తలుపు మీద రెండుసార్లు కొట్టింది.

"డెలియా, తెల్లారింది," అంది.  మళ్ళీ గట్టిగా అంది. "ఇంకా లేవలేదా?"

తలుపు తోసి, కిటికీ పక్క బల్ల మీద గిన్నె పెట్టి, పరదా పక్కకి లాగింది. మంచం మీద ఎండ పడింది.

"ఎవర్నే పిలుస్తున్నావు, నన్నా?" కింద నుంచి నెల్ కేకేసింది.

"మిమ్మల్ని కాదు అత్తయ్యా. డెలియాని."

కింద టోస్టు గీకుతున్న చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది.

"సరే, సరే. లేవలేదు కదూ?" అంది నెల్. "దాని సంగతి తెలిసిందేగా, ఎప్పుడూ అంతే."